ధర పెంచితే తగ్గేది ఎవరి తిండి?

లాక్‌డౌన్ రోజులవి. 2020 మే 6న తెలంగాణలో మద్యం దుకాణాలు మళ్లీ తెరిచారు. ఆ పొద్దున మేం నలుగురం సరూర్‌నగర్ చెరువు వెనక ఒక బస్తీలో బియ్యం, పప్పు పొట్లాలు పంచుతున్నాం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బస్సు లేదు, ఆటో లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో కూలీల అడ్డా లేదు. నలభై రోజులుగా ఎవరి చేతిలోనూ పైసా ఆడటం లేదు. అయినా వైన్స్ ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో మగవాళ్లు ఎండలో వరసగా నిలబడి ఉన్నారు. ప్రభుత్వం ధరలు పెంచింది. సగటున 16 శాతం, చవక రకాల మీద 11 శాతం. "పోనీలే, ధర పెరిగితే కొంతైనా తాగుడు తగ్గుతుంది" అంది మాలో ఒకామె. పొట్లం అందుకుంటున్న ఒక చెల్లెలు నవ్వింది. "ఎందుకు తగ్గదు మేడం, తగ్గుతది. మా తిండి తగ్గుతది" అంది.

ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. మద్యం మీద పన్ను పెంచాలని మనం, అంటే మహిళా సంఘాల వాళ్లం, ఎన్నో వినతిపత్రాల్లో రాశాం. నేనూ సంతకాలు పెట్టాను. ఆ పన్ను ఎవరి చేతి నుంచి వస్తుందో అడగకుండానే పెట్టాను.

చెడు అలవాటుకు పన్ను వేస్తే అలవాటు తగ్గుతుంది, ఖజానాకు డబ్బూ వస్తుంది అన్నది పాత ఆలోచనే. ఇతరులకు నష్టం కలిగించే పని చేసేవాడు ఆ నష్టం ఖరీదు కూడా కట్టాలని ఇంగ్లండు ఆర్థికవేత్త పీగూ 1920లోనే వివరంగా రాశాడు. వినడానికి న్యాయంగా ఉంటుంది. తాగేవాడు కట్టాలి, అంతే కదా! కానీ ఈ లెక్కలో తాగే నోరూ డబ్బు తీసే చెయ్యీ ఒకే మనిషివి. మన బస్తీల్లో ఆ రెండూ ఎప్పుడూ ఒకరివి కావు.

చైతన్యపురిలో నాలుగు ఫ్లాట్లలో పాచిపని చేసే ఒకామె మా పొదుపు సంఘంలో ఉంది. పేరు రాయను. భర్త సెంట్రింగ్ పని చేస్తాడు, అడ్డా మీద పని దొరికిన రోజు కూలి. రోజుకో క్వార్టర్ అతని లెక్క. 2022 మేలో ప్రభుత్వం మళ్లీ ధరలు పెంచినప్పుడు చవక రకం క్వార్టర్ మీద 20 రూపాయలు పెరిగింది. నెలకు ఆరు వందలు. అతని కూలి పెరగలేదు, క్వార్టర్ తగ్గలేదు. ఆ ఆరు వందలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవడానికి నేను ఆమెతో కూర్చుని నెల ఖర్చులు వేశాను. అర లీటరు పాల ప్యాకెట్ పావు లీటరయింది. గుడ్లు ఆదివారానికి వచ్చాయి. పెద్దపిల్ల ట్యూషన్ మానేసింది, చిన్నవాడిది మానలేదు (ఇది ఆమె అడక్కుండానే చెప్పింది, చెప్పి తల దించుకుంది). అదీ చాలక కిరాణా కొట్లో ఉద్దెర పెరిగింది. ఒక ఫ్లాటు ఎక్కువ ఒప్పుకుంది. పొద్దున నాలుగున్నరకు లేవడం మొదలుపెట్టింది.

ప్రభుత్వ పుస్తకాల్లో ఆ ఆరు వందలూ తాగుబోతు కట్టిన పన్ను కిందే జమ. ఒక పాల ప్యాకెట్, ఒక ఆడపిల్ల చదువు, ఒక ఆడమనిషి నిద్ర ఆ అంకెలో ఎక్కడా కనపడవు.

దీని వెనక పెద్ద రహస్యమేమీ లేదు. అలవాటు ముదిరిన మనిషి ధర పెరిగిందని వెంటనే మానడు. పది శాతం ధర పెరిగితే అతను తగ్గించేది పది శాతం కన్నా చాలా తక్కువ. కాబట్టి సీసా మీద ఇంటి నుంచి పోయే మొత్తం పెరుగుతుంది. ఉప్పులాంటి సరుకు విషయంలోనూ ఇంతే. అందుకే రాజులందరికీ ఉప్పు మీద పన్నంటే అంత ఇష్టం. ఇక ఆ పెరిగిన మొత్తం ఇంట్లో ఎవరు భరిస్తారన్నది ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్నదాని మీద ఉంటుంది. ఈ రెండో సంగతిని ధరల శాస్త్రం తలుపు బయటే వదిలేస్తుంది. ఇల్లంటే దానికి ఒకే జేబు.

ఇంకో ముచ్చట. 2023 మేలో ప్రభుత్వం క్వార్టర్ మీద 10 రూపాయలు తగ్గించింది. ఆ పది ఇంటికి తిరిగి వచ్చిందా అని అదే చెల్లెల్ని అడిగాను. "ఆయన ఇంకో బ్రాండ్‌కు మారిండు అక్కా" అంది. అసలు ప్రభుత్వానికి తాగుడు తగ్గించడమే ఉద్దేశమైతే ధర తగ్గించడం ఎందుకు? పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు రాకుండా అన్నారు. కావచ్చు. కానీ పెంచినప్పుడు ప్రజారోగ్యం మాటా, తగ్గించినప్పుడు వ్యాపారం మాటా చెప్పేవాళ్లను నమ్మడం కష్టం.

మన రాష్ట్రానికి ఈ పాఠం కొత్త కాదు. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లను ఊరూరికీ చేర్చింది. నీళ్లు లేని పల్లెకు కూడా సారా అందింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతికి వచ్చిన ఆడవాళ్లు, రోశమ్మ లాంటి వాళ్లు, ఆ ప్యాకెట్ల మీద తిరగబడ్డారు. 1992లో జిల్లా అంతా లేచింది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. ఆ వార్తల కోసం పేపరు ఎదురుచూసిన రోజులు గుర్తున్నాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమయింది. 1995 జనవరిలో అదే ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. ఒక్కటి గమనించండి. ఆ ఆడవాళ్లలో ఎవరూ సారా ధర పెంచమని అడగలేదు. ధర పెరిగితే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు. దుకాణం ఎత్తెయ్యమన్నారు.

తర్వాత ఏం జరిగిందో కూడా మరచిపోకూడదు. ఖజానా ఖాళీ అయిందని గోల మొదలయింది. 1996లో కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. 1997లో నిషేధం ఎత్తేశారు. అంటే నిషేధం వల్ల పోయిన డబ్బును మొదట కడుపు నింపే సరుకు మీద రాబట్టారు, తర్వాత సీసాను కూడా వెనక్కి తెచ్చారు. రెండు సార్లూ కట్టింది వంటగదే. దొంగ సారా, గుడుంబా, సరిహద్దు రవాణా పెరిగిన మాట కూడా నిజం. నిషేధమే మందు అని ఇవాళ నేను గట్టిగా చెప్పలేకపోవడానికి కారణం అదే. మనలో చాలామంది నాతో ఒప్పుకోరని తెలుసు.

2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల చేతిలో సొంతంగా పెంచుకోగల పన్నులు కొన్నే మిగిలాయి. తాగే మద్యాన్ని రాజ్యాంగ సవరణలోనే జీఎస్టీకి బయట ఉంచారు. పెట్రోలు, డీజిలు కూడా ఇప్పటికి బయటే. అందువల్ల ఏ ప్రభుత్వానికి డబ్బు కొరత వచ్చినా చెయ్యి పోయేది సీసా మీదికే. తెలంగాణ 2024-25 బడ్జెట్‌లో ఒక్క ఎక్సైజు కిందే 25,617 కోట్లు వస్తాయని అంచనా వేసుకున్నారు. వ్యాట్ వేరే. ఆ సొమ్ముతో పింఛన్లు ఇస్తున్నాం, ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇస్తున్నాం అంటారు. 2023 డిసెంబరు నుంచి మా పాచిపని చెల్లెళ్లు హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఆధార్ చూపించి జీరో టికెట్‌తో వస్తున్నారు. అది మంచి పని, నేను కాదనను. కానీ ఆ బస్సు ఉచితమని మాత్రం అనలేను. ఆమె టికెట్ డబ్బు ముందురోజు రాత్రే వైన్స్ కౌంటర్లో కట్టేసి ఉంది.

పన్ను పని చేస్తే తాగుడు తగ్గాలి, తాగుడు బాగా తగ్గితే రాబడి తగ్గాలి. కొంతకాలం వాడకం కొద్దిగా తగ్గుతూ రాబడి పెరగడం సాధ్యమే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ రాబడి ఏటా ఇంత పెరగాలని ముందే బడ్జెట్‌లో రాసుకున్న ప్రభుత్వం తాగుడు తగ్గాలని మనసారా ఎలా కోరుకుంటుంది? మత్తు పానీయాల నిషేధం కోసం ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణం రాజ్యానికి చెప్పింది. అదే పాఠ్య పుస్తకంలో పిల్లలు చదువుతున్నారు.

దుకాణాల సంగతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలు. 2023 ఆగస్టులో లాటరీకి దరఖాస్తు ఫీజు రెండు లక్షలు, తిరిగి ఇవ్వరు. రాష్ట్రమంతా 1,31,964 దరఖాస్తులు వచ్చాయి, 2,639 కోట్లు వచ్చాయి. ఒక్క సీసా అమ్మకముందే! మన ప్రాంతం, అంటే సరూర్‌నగర్ ఎక్సైజు పరిధి, దరఖాస్తుల్లో రాష్ట్రంలోనే ముందు వరసలో నిలిచింది. పదివేలు దాటాయి. రెండు వందల కోట్ల పైమాట. 2025లో ఫీజు మూడు లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేల చిల్లరకు పడిపోయాయి, రాబడి మాత్రం 2,850 కోట్లు దాటింది. ధర పెంచితే గిరాకీ తగ్గుతుంది, రాబడి పెరుగుతుంది అన్న సూత్రం ఇక్కడ పుస్తకంలో ఉన్నట్టే పనిచేసింది. కాకపోతే వెనక్కి తగ్గినవాళ్లు వ్యాపారులు.

అన్ని లక్షలు పోసి దుకాణం తెచ్చుకున్నవాడు రెండేళ్లలో దాన్ని రాబట్టుకోవాలి. హైదరాబాదులో దుకాణం లైసెన్సు ఫీజే ఏడాదికి కోటి దాటుతుంది. అందుకే పర్మిట్ రూము కావాలి, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండాలి, సందుల్లో బెల్టు షాపుకు సరుకు పోవాలి. ఒకచేత్తో ధర పెంచి తాగవద్దంటూ, రెండో చేత్తో ఎక్కువ అమ్మకపోతే మునిగిపోయేలా దుకాణదారును కట్టిపడేసే పద్ధతి ఇది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు హైవేలకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని చెప్పినప్పుడు మేం చాలా ఆశపడ్డాం. మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా పోయే మన రోడ్డు విజయవాడ హైవేనే కదా! 2017 జులైలో మునిసిపల్ పరిధిలోని దుకాణాలకు ఆ ఆంక్ష వర్తించదని స్పష్టం చేశారు. రాత్రి ఏడు దాటాక ఆ దుకాణాల ముందు నుంచి మెట్రో మెట్లదాకా నడిచే ఆడపిల్లలను అడిగితే ఆ సడలింపు విలువ చెబుతారు.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా గట్టిగా ప్రయత్నించారు. 2019 అక్టోబరు నుంచి దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, సంఖ్య తగ్గించింది, 2020 మేలో రెండు రోజుల తేడాతో ధరలు మొత్తం 75 శాతం పెంచింది. తాగకుండా చెయ్యడానికే అన్నారు. ఆ జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. అక్కడ కరోనా కట్టడి వల్ల దుకాణాలు కూడా మూసి ఉన్నాయి, కాబట్టి తప్పంతా ధరదే అనడం సరికాదు. అయినా జేబుకు అందని సరుకు బదులు ఏది అందితే అది తాగే స్థితిలో ఉన్నవాళ్లకు ధర ఒక్కటే మందు కాదని తేలింది. తెలంగాణ సీసాలు సరిహద్దు దాటాయి. 2024 అక్టోబరులో ప్రభుత్వం మారాక దుకాణాలు ప్రైవేటుకు ఇచ్చి, 99 రూపాయలకే క్వార్టర్ తెచ్చారు. దాన్ని పేదవాడికి మేలు అన్నారు. పేదవాడి భార్యకు ఏమిటో ఎవరూ చెప్పలేదు.

ఇంతా రాశాక, పన్ను అసలే వద్దంటావా అని మీరు అడుగుతారు. అననే. దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం నుంచి వచ్చిన పిల్లలు నెలకింత అని ఇంటి నుంచి తెప్పించుకుని బతుకుతారు. వాళ్లలో కొత్తగా రుచి చూస్తున్న కుర్రాడికి బీరు ధర పెరిగితే అది నిజంగా అడ్డే. అతనింకా బానిస కాలేదు, పక్కన కోత పెట్టడానికి ఆడమనిషి జీతం లేదు. అధిక ధర మద్యపానాన్ని తగ్గించే బలమైన సాధనాల్లో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఉత్తమాట కాదు. స్కాట్లండులో 2018 మే నుంచి మద్యానికి కనీస ధర పెట్టారు. అది పన్ను కాదు, ఇంతకన్నా తక్కువకు అమ్మకూడదన్న చట్టం. మద్యం వల్ల నేరుగా వచ్చే మరణాలు పదమూడు శాతం దాకా తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ 2023లో తేల్చింది. బానిసలైన పేదవాళ్లలో కొందరు తిండి తగ్గించుకుని మద్యం కొన్నారని కూడా రాసింది. నాకు నచ్చింది ఆ రెండో వాక్యమే. వాళ్లు వెళ్లి అడిగారు. మన దగ్గర ఇన్నిసార్లు ధర పెంచారు, ఒక్కసారైనా ఏ బస్తీకైనా వచ్చి, పెరిగిన డబ్బు ఎక్కడి నుంచి తెచ్చావమ్మా అని ఎవరైనా అడిగారా?

తాగుడు తగ్గితే దెబ్బలు తగ్గుతాయన్న ఆశ మనందరిలోనూ ఉంది. 2019లో మన రెండు రాష్ట్రాల్లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మద్యం తాగే మగవాళ్లు తెలంగాణలో నూటికి 43 మంది, ఆంధ్రలో 23 మంది. దాదాపు సగం. మరి భర్త చేతిలో హింస అనుభవించిన పెళ్లయిన ఆడవాళ్లు? ఇక్కడ 37, అక్కడ 30. తేడా ఉంది, కానీ తాగుడులో ఉన్నంత లేదు. తరచు తాగి వచ్చే మొగుళ్ల ఇళ్లలో హింస చాలా ఎక్కువని అదే సర్వే చెబుతోంది. అయితే తాగనివాడూ కొడతాడని కూడా చెబుతోంది. మా దగ్గరికి కౌన్సెలింగుకు వచ్చిన ఒకామె భర్త, ధర పెరిగి డబ్బు చాలని రోజే ఎక్కువ కొట్టేవాడు. తాగిన రోజు పడుకునేవాడట.

అందుకని మనం అడిగే పద్ధతి మారాలి. ధర పెంచండి అని రాసి ఊరుకుంటే, మన సంతకంతో మన చెల్లెళ్ల మీద పన్ను వేయించినట్టే. ధర పెంచిన ప్రతిసారీ ఆ అదనపు రాబడి ఎంత, అందులో ఎంత డబ్బు తాగుడు మాన్పించే చికిత్సకు, తన్నులు తిని బయటికొచ్చిన ఆడవాళ్ల ఆశ్రయానికి పోయిందో జిల్లావారీగా ప్రకటించమని అడగాలి. ఎల్బీనగర్ చుట్టుపక్కల నుంచి ఒక కూలీని చికిత్సకు తీసుకెళ్లాలంటే ఎర్రగడ్డ దాకా పోవాలి. నగరం ఈ చివర నుంచి ఆ చివరకు. ఒక రోజు కూలి పోతుంది, రెండోసారి అతను రాడు. ప్రైవేటు కేంద్రాల ఫీజు గురించి చెప్పనవసరం లేదు. ఇన్ని వేల కోట్లు కట్టే ప్రాంతానికి దగ్గర్లో పది మంచాల వార్డు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. దుకాణం ఎక్కడ పెట్టాలో ఆ కాలనీ, బస్తీ ఆడవాళ్ల సమ్మతి ఉండాలని, పర్మిట్ రూములు తీసెయ్యాలని, వేళలు కుదించాలని అడగాలి. వీటి భారం సీసా కొనేవాడి ఇంటి మీద పడదు. ఖజానా మీద, వ్యాపారి మీద పడుతుంది. అందుకే ప్రభుత్వాలకు ధర పెంచడం సులువు, వేళ తగ్గించడం కష్టం.

వీటితోపాటు పాచిపని చేసే ఆడవాళ్ల కూలి, అది వాళ్ల చేతిలోనే ఉండే ఏర్పాటు కూడా ఈ చర్చలోకి రావాలి. మా సంఘంలో కొందరు యజమానురాళ్లతో మాట్లాడుకుని జీతంలో సగం పోస్టాఫీసులో వేసుకుంటున్నారు. మొగుడికి తెలిస్తే గొడవే. తెలియకుండా ఎన్నాళ్లు దాస్తారు?

ఈ మూడు నెలల్లో చైతన్యపురి, సరూర్‌నగర్, నాగోల్, హయత్‌నగర్ సంఘాల్లో ఇంటిఖర్చు లెక్క రాయించడం మొదలుపెడుతున్నాం. పాలు, గుడ్లు, గ్యాసు, ట్యూషన్, మందులు, ఉద్దెర, కుదువబెట్టిన వస్తువు, సీసా. వారానికి ఒక పేజీ. రాయడం రానివాళ్లకు పక్కింటి పిల్లలు రాస్తారు. సీసా గడి నింపడానికి సిగ్గుపడేవాళ్లకు బలవంతం లేదు, మిగతా గడులు చాలు. మీ సంఘాల్లోనూ ఇలా రాయిస్తే ఆ పుస్తకాలు మా దగ్గరికి పంపండి, పేర్లు చింపేసి. ధరలు ఈసారి పెంచినప్పుడు ఎక్సైజు శాఖ ముందు ఆ పుస్తకాలు పెడదాం.